కత్తి నుంచి కాంతి దాకా: సోడాబుడ్డి అద్దాలు వదిలించుకున్న కథ

యూనిఫామ్ వేసుకున్నవాడికి కళ్లజోడు ఎంత ఇబ్బందో సివిల్‌లో ఉన్నవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. వానలో పెట్రోలింగ్‌కి వెళితే అద్దాల మీద నీళ్ళు. చలిలోంచి బంకర్‌లోకి అడుగుపెడితే అద్దాల నిండా ఆవిరి. గ్యాస్ మాస్కు పెట్టుకోవాలంటే చెవుల మీది కాడలు అడ్డం, నైట్ విజన్ పరికరం కంటికి ఆనించాలంటే అద్దమే అడ్డం. అబ్‌స్టకిల్ కోర్సులో జోడు జారి బురదలో పడిందంటే ఆ పూటకి మనవాడి పని అయిపోయినట్టే. అందుకే, సైటుని శాశ్వతంగా పోగొట్టే ఆపరేషన్ అనే ఆలోచన వచ్చినప్పటి నుంచీ సైనికులు దాని వెంట పడుతూనే ఉన్నారు. సైన్యాలు మాత్రం చాలా కాలం దాన్ని నమ్మలేదు. నమ్మకపోవడానికి మంచి కారణాలే ఉన్నాయి. ఆ కథే ఇక్కడ చెప్పబోతున్నాను. నేను డాక్టర్ని కాను. ఎయిర్‌ఫోర్స్‌లో మెడికల్ అసిస్టెంటుగా పనిచేసి, రిటైరయ్యాక ఈ సంగతులు చదువుకుంటూ వచ్చినవాణ్ణి మాత్రమే.

ముందు అసలు సైటు ఎలా వస్తుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. కంటికి ముందువైపు, గడియారానికి అద్దంలాగా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. దాని పేరు కార్నియా. మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు, అంటే 540 మైక్రాన్లు అటూ ఇటూ. కంట్లోకి వచ్చే వెలుగును వంచే పనిలో మూడింట రెండు వంతులు ఇదే చేస్తుంది. కనుగుడ్డు ఉండాల్సిన దానికంటే కాస్త పొడుగైతే దృశ్యం రెటీనా మీద కాక దాని ముందే పడుతుంది. దూరంగా ఉన్నది మసకగా కనబడుతుంది. పొడుగు ఒక్క మిల్లీమీటరు పెరిగితే చాలు, రెండున్నర మూడు పవర్ల సైటు వచ్చేస్తుంది. కనుగుడ్డు పొడుగు మనం తగ్గించలేం. కార్నియా వంపుని కొంచెం చదును చేస్తే దృశ్యం వెనక్కి జరిగి సరిగ్గా పడుతుంది. ఈ విద్య అంతా ఆ చదును చేయడంలోనే ఉంది.

మొదట ఆ పని కత్తితో చేశారు. 1930ల చివర, 40లలో జపాన్‌లో త్సుతోము సాతో అనే డాక్టరు కార్నియాకి లోపలి వైపు నుంచీ బయటి వైపు నుంచీ గాట్లు పెట్టి సైటు తగ్గించాడు. రోగులు సంతోషించారు. అయితే కార్నియా లోపలి వైపున ఒకే ఒక్క వరుస కణాల పొర ఉంటుందనీ, కార్నియాలో నీరు చేరకుండా తోడిపోసేది అదేననీ, ఒకసారి చస్తే ఆ కణాలు తిరిగి పుట్టవనీ అప్పటికి ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళు గడిచాక సాతో దగ్గర ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో చాలామందికి కార్నియా ఉబ్బి, తెల్లబడి, ఉన్న చూపు కూడా పోయింది. మొదటి ఏడాది బాగున్నంత మాత్రాన ఆపరేషన్ గెలిచినట్టు కాదని వైద్యలోకం నేర్చుకున్న పాఠాల్లో ఇదొకటి.

తర్వాతి ఘట్టం సోవియట్ రష్యాది. స్వ్యాతొస్లావ్ ఫ్యోదరోవ్ జీవితం ఒక నవలకు సరిపోతుంది. తండ్రి ఎర్రసైన్యంలో పెద్ద అధికారి, స్టాలిన్ కాలంలో అరెస్టయ్యాడు. కొడుకు పైలట్ కావాలని సైనిక శిక్షణ పాఠశాలలో చేరాడు. ప్రమాదంలో పాదం పోవడంతో ఆ ఆశ వదులుకుని వైద్యం చదివాడు. 1970లలో కార్నియా బయటి వైపున మాత్రమే, సైకిల్ చక్రం పుల్లల్లాగా, మధ్య భాగాన్ని వదిలేసి గాట్లు పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. దాని పేరు రేడియల్ కెరటాటమీ, పొట్టిగా ఆర్కే. ఒక కుర్రవాడి కళ్లజోడు పగిలి గాజుముక్క కంట్లో గుచ్చుకుంటే, అది తీశాక వాడి సైటు తగ్గిపోయిందనీ, అక్కడ ఈ ఆలోచన పుట్టిందనీ ఒక కథ చెబుతారు. అది కథగానే ఉంచుదాం. మాస్కోలో ఆయన ఆసుపత్రిలో రోగులు ఫ్యాక్టరీ లైను మీద కదిలినట్టు బల్లల మీద కదులుతూ వస్తుంటే, ఒక్కో డాక్టరు ఒక్కో దశ చేసి పక్కవాడికి పంపేవాడు. ఫ్యోదరోవ్ 2000 జూన్‌లో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు. పైలట్ కావాలనుకున్న మనిషికి చివరి క్షణాలు గాలిలోనే గడిచాయి.

ఆర్కే 1978లో అమెరికాకి, 1980లలో మన దేశానికీ వచ్చింది. అమెరికా ప్రభుత్వ నేత్ర పరిశోధన సంస్థ డబ్బుతో జరిగిన పెద్ద పరిశీలన పదేళ్ళ ఫలితాలు 1994లో వెలువడ్డాయి. ఆపరేషన్ చేసిన కళ్ళలో 43 శాతం, ఆర్నెల్ల నాటితో పోలిస్తే ఒక డయాప్టర్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ప్లస్ వైపు జరిగిపోయాయి. గాట్లు పెట్టిన కార్నియా ఒకచోట నిలవలేదన్న మాట.

దాన్ని ప్రపంచానికి కళ్ళకు కట్టినట్టు చూపింది 1996 మే 10న ఎవరెస్టు మీద జరిగిన సంఘటన. బెక్ వెదర్స్ అనే అమెరికన్ డాక్టరు అంతకుముందు ఆర్కే చేయించుకున్నాడు. పైకి వెళ్ళేకొద్దీ అతనికి చూపు మసకబారి, 27 వేల అడుగులు దాటాక అడుగు ఎక్కడ వేయాలో తెలియని స్థితి వచ్చింది. కారణం తేలిక. కార్నియాకి రక్తనాళాలు లేవు, ప్రాణవాయువు గాలి నుంచే తీసుకుంటుంది. ఎత్తుకు వెళితే అది తగ్గి కార్నియా ఉబ్బుతుంది. మామూలు కన్ను సమానంగా ఉబ్బుతుంది కాబట్టి పెద్ద తేడా రాదు. గాట్లు ఉన్న కన్ను అంచుల్లో ఎక్కువ ఉబ్బి, మధ్య భాగం ఇంకా చదునైపోతుంది. వెదర్స్‌ని వేచి ఉండమని చెప్పి మిగతావాళ్ళు పైకి వెళ్ళారు, తుఫాను ముంచుకొచ్చింది. చచ్చిపోయాడని రెండుసార్లు వదిలేసిన మనిషి తనంతట తాను లేచి క్యాంపుకి నడిచొచ్చాడు. కుడి చేయి మోచేతి కింద, ఎడమ చేతి వేళ్ళు, ముక్కు పోయాయి. సుమారు 20 వేల అడుగుల ఎత్తు నుంచి అతన్ని హెలికాప్టర్‌లో దించినవాడు నేపాల్ సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ కల్నల్ మదన్ ఖత్రీ ఛెత్రి. అదే తుఫానులో ఉత్తరం వైపు నుంచి ఎక్కిన మన ఐటీబీపీ జవాన్లు ముగ్గురు కూడా అమరులయ్యారు. ఆ పేర్లు ప్రపంచ పత్రికల్లో పెద్దగా రాలేదు.

లేహ్ ఎత్తే పదకొండు వేల అయిదు వందల అడుగులు. సియాచిన్ పోస్టులు చెప్పనక్కరలేదు. ఆర్కే చేయించుకున్నవాణ్ణి మన దళాలు ఎందుకు తీసుకోవో ఇక వేరే చెప్పాలా?

ఇప్పుడు కాంతి దగ్గరికి వద్దాం. ఈ ఘట్టంలో మన దక్షిణాది మనిషి ఉన్నాడు. మద్రాసులో 1929లో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ చదివి అమెరికా వెళ్ళిన రంగస్వామి శ్రీనివాసన్. న్యూయార్క్ రాష్ట్రంలో ఐబీఎం ప్రయోగశాలలో ఆయన పని కంటికి సంబంధించింది కానే కాదు. 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతినిచ్చే ఎక్సైమర్ లేజర్‌తో ప్లాస్టిక్ పొరల్ని చెక్కడం ఎలా అన్నదే ఆయన గొడవ. 1981 నవంబర్‌లో థ్యాంక్స్ గివింగ్ పండగ మర్నాడు, ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్కని ప్రయోగశాలకి పట్టుకెళ్ళాడు. దాని మీద లేజర్ వదిలితే చురుక్కుమని కాలలేదు, మాడలేదు. కత్తితో కూడా సాధ్యంకానంత నున్నగా గాడి పడింది. అదే కణజాలం మీద ఆకుపచ్చ లేజర్ వాడితే చుట్టూ మాడిపోయింది. తేడా ఏమిటంటే, ఈ అతినీలలోహిత కాంతి అణువుల మధ్య బంధాలనే తెంపేస్తుంది. తెగిన ముక్కలు వేడిని మోసుకుని ఎగిరిపోతాయి, పక్క కణానికి సెగ తగలదు. శ్రీనివాసన్, సామ్యూల్ బ్లమ్, జేమ్స్ విన్ ముగ్గురికీ 1988లో పేటెంటు వచ్చింది. 2013లో అమెరికా అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా వాళ్ళ పనికి జాతీయ సాంకేతిక పతకం దక్కింది. పండగ మిగులు కూర ఇంత దూరం తీసుకెళ్ళిన సందర్భం ఇంకోటి ఉంటుందనుకోను.

న్యూయార్క్ కంటి డాక్టరు స్టీఫెన్ ట్రోకెల్ ఈ సంగతి తెలుసుకుని శ్రీనివాసన్‌తో కలిసి పశువుల కళ్ళ మీద ప్రయత్నించాడు. 1983లో వాళ్ళ వ్యాసం వచ్చింది. 1988లో మార్గరీట్ మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు చూపున్న మనిషి కంటి మీద మొదటిసారి ఈ పని చేసింది. ఆ కన్ను ఇచ్చిన మహిళకు క్యాన్సర్, కొద్దిరోజుల్లో ఎలాగూ ఆ కన్ను తీసేయాలి. తీసేసేలోగా మీ పరీక్షకి పనికొస్తే చేసుకోండి అని ముందుకొచ్చింది. అలా పైపొర తుడిచేసి నేరుగా కార్నియాని లేజర్‌తో చెక్కే పద్ధతి పీఆర్కే.

ఇక లాసిక్. కార్నియా మీద పుస్తకం అట్టలాగా ఒక పలుచని రేకును కోసి, పక్కకి మడిచి, కింద లేజర్ కొట్టి, మళ్ళీ మూసేయడం. రేకు కోసే విద్యకి మూలపురుషుడు కొలంబియాలోని బొగోటాలో పనిచేసిన హోసే బర్రాకెర్. దానికి ఎక్సైమర్ లేజర్ జతచేసింది 1990 ప్రాంతంలో గ్రీసు దేశపు క్రీట్ దీవిలో ఇయోన్నిస్ పల్లికారిస్. రేకు కోయడానికి బ్లేడు బదులు ఫెమ్టోసెకండ్ లేజర్ 2000 తర్వాత వచ్చింది. ఆ లేజర్‌కి వెనకున్న భౌతికశాస్త్రానికే 2018లో మురూ, స్ట్రిక్లాండ్‌లకు నోబెల్ దక్కింది. తర్వాత వచ్చిన స్మైల్ పద్ధతిలో రేకే ఉండదు. లోపల చిన్న కటకంలాంటి ముక్కని లేజర్‌తో కోసి, సన్నటి గాటు నుంచి లాగేస్తారు. మన దేశానికి ఎక్సైమర్ యంత్రాలు 1990లలో వచ్చాయి. ఆ తర్వాత మన హైదరాబాదులో వీధికో బోర్డు వెలిసింది.

సైన్యాల మనసు మారింది ఎలాగంటే, దానికి కారణమైనవాడు ఒకప్పటి ఫైటర్ పైలట్. అమెరికా నేవీలో టాప్ గన్ స్కూల్లో పనిచేసి, తర్వాత కంటి డాక్టరైన స్టీవెన్ షాల్‌హార్న్, 1993లో శాన్ డియేగో నేవీ ఆసుపత్రిలో 30 మంది సిబ్బందికి పీఆర్కే చేసి పరిశీలన మొదలుపెట్టాడు. నీళ్ళలో ఈది, ఇసుకలో పాకి, పారాచూట్‌తో దూకే కమాండోలకి అద్దాలూ కాంటాక్ట్ లెన్సులూ రెండూ ప్రమాదమే. 14 వేల అడుగుల పైక్స్ పీక్ శిఖరం మీద అమెరికా సైనిక వైద్యులు మూడు రోజులు ఉంచి చేసిన పరీక్షలో ఆర్కే కళ్ళు ప్లస్ వైపు జరిగాయి, పీఆర్కే కళ్ళు నిలకడగా ఉన్నాయి. సైన్యాలకి కావలసిన జవాబు అదే. లాసిక్‌ని మాత్రం ఇంకా అనుమానంగానే చూశారు. దెబ్బ తగిలితే, ఇజెక్షన్ సీటు మీద బయటపడితే రేకు జరిగిపోతుందేమోనని భయం. అమెరికా వైమానిక దళం విమాన సిబ్బందికి లాసిక్ ఒప్పుకున్నది 2007లో, నాసా వ్యోమగాములకు ఒప్పుకున్నదీ అదే ఏడాది.

మన ఎయిర్‌ఫోర్స్ అధికారుల ఎంపిక ప్రకటనలు చదివితే గీసిన గీతలు స్పష్టంగా కనబడతాయి. ఆపరేషన్ ఇరవై ఏళ్ళు నిండక ముందు చేయించుకుని ఉండకూడదు. చేయించుకుని కనీసం 12 నెలలు గడవాలి, ఏ ఇబ్బందీ ఉండకూడదు. కనుగుడ్డు పొడుగు 25.5 మిల్లీమీటర్లు మించకూడదు. ఆపరేషన్ తర్వాత కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు. అంతకుముందు సైటు ఆరు డయాప్టర్లు దాటి ఉండకూడదు. ఆర్కే అయితే ఏ డ్యూటీకీ కుదరదు. సబ్‌మెరీన్లు, డైవింగ్ లాంటి చోట్ల నియమాలు వేరు. ఇవి మారుతుంటాయి కూడా, కాబట్టి ఏ ఏడాది దరఖాస్తు చేస్తే ఆ ఏటి ప్రకటనే ప్రమాణం.

ఈ అంకెల్లో మన పిల్లలు ఎక్కడ బోర్లాపడుతున్నారో చెబుతాను. మా అన్నయ్య కొడుక్కి పద్దెనిమిదేళ్ళప్పుడు ఫోన్ చేశాడు. "బాబాయ్, ఎన్డీఏకి ముందే లేజర్ చేయించేసుకుంటా. సైటుండేదని ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. "ఒరేయ్, స్లిట్ ల్యాంప్ కింద పెట్టి చూస్తే ఎన్నేళ్ళయినా రేకు అంచు కనబడుతుందిరా. మ్యాపు తీస్తే చెక్కిన చోటు బయటపడుతుంది. బోర్డులో కూర్చున్నవాళ్ళకి ఇది రోజూ చూసే పని" అన్నాను. ఎన్డీఏకి పంతొమ్మిదిన్నర లోపు రావాలి, ఆపరేషన్‌కి ఇరవై దాటాలి. రెండూ కలవవు. ఇరవై అన్నది ఎవరో తోచి పెట్టిన అంకె కాదు, అప్పటిదాకా చాలామందిలో సైటు పెరుగుతూనే ఉంటుంది. నిన్న సరిచేసిన కన్ను రేపు మళ్ళీ మైనస్‌కి పోతే చెక్కడానికి మందం మిగలదు.

రెండో సంగతి లెక్కది. ఆరు మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే ఒక్కో పవర్‌కి సుమారు 12 మైక్రాన్లు పోతాయి. మైనస్ అయిదుకి 60. కార్నియా 500 ఉన్నవాడికి 440 మిగులుతుంది. ప్రైవేటు ఆసుపత్రి చూసే లెక్క వేరు. రేకు తీసేశాక కింద 250 మైక్రాన్లయినా ఉంటే ఫరవాలేదంటుంది, అందులో తప్పు లేదు. కానీ బోర్డు గీత 450. పది మైక్రాన్ల దగ్గర కుర్రాడి కల ఆగిపోతుంది, ఒకసారి తీసేసిన మందం తిరిగి రాదు. అందుకని ఆపరేషన్‌కి ముందే "నేను ఫోర్సెస్‌కి వెళ్ళాలి, తర్వాత ఎంత మిగులుతుంది?" అని డాక్టర్‌ని నోరు తెరిచి అడగాలి. అడిగితే చెబుతారు. అడగకపోతే ఆయనకెలా తెలుస్తుంది? ప్యాకేజీ రేట్లూ పండగ డిస్కౌంట్లూ చెప్పేవాళ్ళే గానీ ఈ లెక్క చెప్పే ప్రకటన నేనింకా చూడలేదు.

మావాడు డిగ్రీ అయ్యాక ఇరవై ఒకటో ఏట పీఆర్కే చేయించుకున్నాడు. మందం తక్కువ అవడంతో రేకు వద్దన్నారు. ఆపరేషన్ బల్ల మీద ఉన్నది పావుగంటే, లేజర్ తగిలింది కన్నుకి ఒక నిమిషం లోపే. అసలు పరీక్ష తర్వాత. పైపొర మళ్ళీ పెరగాలి కాబట్టి కట్టులాగా ఒక లెన్సు పెట్టి పంపారు. రెండో రోజు రాత్రి కంట్లో కారం కొట్టినట్టు ఉందని గింజుకున్నాడు. గదిలో లైటు వేయనివ్వలేదు. అయిదో రోజు లెన్సు తీశారు. చూపు మసకగానే ఉంది, ఫోన్లో అక్షరాలు కూడా ఆనడం లేదు. "డబ్బు పోసి కళ్ళు పోగొట్టుకున్నాడు" అని మా వదిన ఒకటే ఏడుపు. మూడు వారాలకి కాస్త, రెండు నెలలకి బాగా తేరుకుంది. పది రోజులు తలంటు లేదు, కళ్ళు నలపడం లేదు, వంటింట్లో తాలింపు పొగ దగ్గరికి పోవడం లేదు. నెలల తరబడి ఎండలో నల్లద్దాలు. ఎందుకంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు మానుతున్న కార్నియాని మబ్బుపట్టించవచ్చు. స్టెరాయిడ్ చుక్కల మందు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. మందుల షాపులో అడిగి సొంతంగా పొడిగిస్తే కంటి ప్రెషరు పెరుగుతుంది.

లాసిక్ అయితే ఈ బాధంతా ఉండదు, మర్నాడే గోడ గడియారం కనబడుతుంది. అందుకే జనం దానికే మొగ్గుతారు. కానీ రేకు కోసేటప్పుడు కార్నియా నరాలు తెగుతాయి. కళ్ళు పొడిబారి కొన్ని నెలలు చుక్కలు వేసుకుంటూ ఉండాలి. రాజస్థాన్ దుమ్ములోనో, ఏసీ రాడార్ గదిలోనో డ్యూటీ ఉన్నవాడికి ఆ పొడితనం చిన్న విషయం కాదు. రాత్రిపూట ఎదురొచ్చే లైట్ల చుట్టూ వలయాలు కనబడటం కొందరిలో ఉంటుంది. కాన్వాయ్‌లో బండి నడిపేవాళ్ళూ, రాత్రి గస్తీ వాళ్ళూ ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి. సర్వీసులో ఉన్నవాళ్ళు లీవులో గుట్టుగా చేయించుకొచ్చి ఎవరికీ చెప్పకపోవడం కూడా ఉంది. అది మానాలి. అనుమతి అడగండి, మెడికల్ డాక్యుమెంట్లలో ఎక్కించుకోండి.

నాలాంటి రిటైర్డ్ వాళ్ళకి ఈ వ్యాసంతో పనేమిటి అనుకోకండి. 1990లలో, 2000లలో చేయించుకున్న మనవాళ్ళు ఇప్పుడు యాభై, అరవైలలో ఉన్నారు. లేజర్ చేయించుకున్నా నలభై దాటాక చత్వారం వస్తుంది, అది కటకం సంగతి, కార్నియా సంగతి కాదు. కనుగుడ్డు పొడుగు అలాగే ఉంటుంది కాబట్టి ఎక్కువ సైటు ఉన్నవాళ్ళకి రెటీనా చిరిగే ముప్పు అలాగే ఉంటుంది. కంట్లో మెరుపులు, ఉన్నట్టుండి నల్లచుక్కలు కనబడితే ఆ రోజే వెళ్ళాలి. శుక్లాల ఆపరేషన్‌కి లోపల పెట్టే లెన్సు పవర్‌ని కార్నియా వంపు చూసి లెక్కగడతారు. చెక్కిన కార్నియాతో మామూలు లెక్క తప్పుతుంది, ఆపరేషన్ తర్వాత మళ్ళీ మందపాటి అద్దాలు పడతాయి. నీటికాసులకి కంటి ప్రెషరు చూసినప్పుడు కూడా పలుచబడిన కార్నియా మీద అంకె అసలు కంటే తక్కువ చూపిస్తుంది, జబ్బు తప్పించుకుపోవచ్చు. కాబట్టి ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కి వెళ్ళినా, ఎంప్యానెల్ ఆసుపత్రికి వెళ్ళినా, కుర్చీలో కూర్చోగానే ఫలానా ఏడాది లేజర్ చేయించుకున్నానని ముందుగా చెప్పండి. ఆపరేషన్‌కి ముందు నాటి పవర్, కార్నియా వంపు రీడింగులు, మందం ఉన్న పాత కాగితం దొరికితే డిశ్చార్జి బుక్కు పక్కనే పెట్టి, ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చూపించండి. దొరక్కపోతే చేయించుకున్న చోటికి ఒక ఉత్తరం రాసి చూడండి, కొన్నిచోట్ల పాత రికార్డులు ఇంకా ఉంచారు.